మాటలాడని బిడ్డ



మొన్న ఆదివారం రెండవ పూజ ముగిశాక ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. "ఫాదర్‌గారూ, వీడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించండి. ఇంజనీరింగు మంచి మార్కులతో ప్యాసయ్యాడు. గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా!" అంది. అబ్బాయి తలవంచుకొని నిలబడ్డాడు. చెయ్యి పెట్టాను గాని, ఏమని ప్రార్థించాలో తోచలేదు. బాగుచేయమని దేవుని అడగడానికి అది జబ్బా?

నేనూ ఆ తల్లిలాగే తప్పు చేసినవాడినే. కొన్నేళ్ళ క్రితం విచారణలో యువజన సంఘానికి నాయకులను ఎంచినప్పుడు, మైకు పట్టుకొని గట్టిగా మాట్లాడినవారి పేర్లే వ్రాసుకున్నాను. శనివారం సాయంత్రం ఎవరూ చెప్పకుండానే గుడి ఊడ్చి, బల్లలు తుడిచి వెళ్ళే యువకుడు నా కంటికి ఆనలేదు. పని వెదుక్కుంటూ అతడు వేరే ఊరు వెళ్ళిపోయాడు. బల్లల మీద దుమ్ము చూచినప్పుడు గుర్తుకొచ్చాడు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అక్వీనా తోమాసుగారి గ్రంథాలతో కుస్తీ పట్టాము. విద్యార్థిగా ఆయన మాట్లాడింది తక్కువ. తోటివారు 'మూగ ఎద్దు' అని ఎగతాళి చేశారట. గురువు మహా ఆల్బర్టుగారు మాత్రం, ఈ ఎద్దు రంకె లోకమంతా వినబడుతుందన్నారని చెబుతారు. 1567లో తిరుసభ ఆయనను వేదపండితునిగా ప్రకటించింది. (మా తరగతిలో అందరికంటె ఎక్కువ వాదించింది నేనే. పరీక్షలో ఏమయిందో అడగవద్దు.)

నాలుగు సువిశేషాలూ వెదకండి. పునీత జోజప్పగారు పలికిన మాట ఒక్కటీ కనబడదు. దూత కలలో చెబితే లేచి మరియమ్మను చేర్చుకొన్నారు. మరొకసారి చెబితే ఆ రాత్రే తల్లీబిడ్డలతో ఐగుప్తుకు బయలుదేరారు. ఆ మాటలాడని మనిషినే 1870లో 9వ పయస్ పాపుగారు తిరుసభ అంతటికీ పాలకునిగా ప్రకటించారు. జనం తనకోసం వెదకుతున్న రోజుల్లో ప్రభువు కూడ తెల్లవారకముందే లేచి ఒంటరి స్థలానికి వెళ్ళినట్లు మార్కుగారు వ్రాశారు.

అన్యాయం చూచి నోరు మూసుకొనడం వేరు. దానికి జోజప్పగారిని సాక్ష్యం పిలవకండి. నిన్నటిదాకా నవ్వుతూ తిరిగిన బిడ్డ ఉన్నట్టుండి మూగబోతే అదీ వేరు. అప్పుడు ప్రక్కన కూర్చోండి. స్వభావమే అంతర్ముఖమైన బిడ్డను మాత్రం చుట్టాల ముందు 'మొద్దు' అనకండి. ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా ఆగండి. ఇంటర్వ్యూలో మాట్లాడటం సైకిలు నేర్చుకున్నట్టు నేర్చుకోవచ్చు. అందుకోసం మరొక మనిషిగా మారనక్కరలేదు.

ఆ ఆదివారం అబ్బాయి తలమీద చెయ్యి ఉంచి చివరకు నేనూ ఏమీ పలకలేదు. ఇద్దరం కాసేపు ఊరకే నిలబడ్డాము. అతడు మొదటిసారి తలెత్తి చూశాడు. తల్లి మాత్రం, "ఏమని ప్రార్థించారు ఫాదర్‌గారూ? నాకు వినబడలేదు" అంది.