ప్రియమైన సత్యం

మాట ఎప్పుడు తపస్సు అవుతుంది? భగవద్గీత పదిహేడో అధ్యాయం దీనికి సూటిగా జవాబిస్తుంది. వినేవారిని కలత పెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. స్వాధ్యాయాన్ని, అంటే శాస్త్రపఠనాన్ని కూడా అదే తపస్సులో చేర్చింది గీత. శంకరాచార్యుల భాష్యం ఇక్కడ మరీ పట్టుదలగా ఉంటుంది. ఈ గుణాల్లో ఏ ఒక్కటి లోపించినా అది వాఙ్మయ తపస్సు కాదంటారు ఆయన. నిజమే చెప్పినా ప్రియంగా లేకపోతే చాలదు. ప్రియంగా ఉన్నా నిజం కాకపోతే అసలే చాలదు.

గ్రంథాలయంలో కథలు, నవలల బీరువాలు దాటి చరిత్ర, యాత్ర, ఆత్మకథ, విజ్ఞానశాస్త్రం ఉన్న వైపు వెళ్లే పాఠకుడికి ఈ శ్లోకం చాలా దగ్గరిది. అక్కడి పుస్తకాలన్నీ నిజం చెబుతామని వచ్చినవే. వాటిలో కొన్ని మాత్రమే కింద పెట్టనివ్వవు. ఆ ఆనందం కొసరుగా దక్కిందా, లేక సత్యం చెప్పే పనిలోనే అదీ భాగమా?

వేదం ప్రభువులా శాసిస్తుందనీ, పురాణేతిహాసాలు మిత్రుడిలా నచ్చజెబుతాయనీ, కావ్యం ప్రియురాలిలా మనసు కరిగిస్తుందనీ మన ఆలంకారికులు అన్నారు. మమ్మటుడు చెప్పిన ఈ మాట ఓరుగల్లు ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడి గ్రంథంలోనూ కనిపిస్తుంది. ఈ లెక్కన, జరిగింది జరిగినట్టు చెప్పే పుస్తకం మన మిత్రుడు. మరి మిత్రుడి మాటలో రసం ఉండకూడదా? 12వ శతాబ్దపు కాశ్మీర చరిత్రకారుడు కల్హణుడు ఉండాలనే అనుకున్నాడు. గతాన్ని చెప్పేవాడు రాగద్వేషాలు లేని న్యాయమూర్తిలా ఉండాలని రాజతరంగిణి మొదట్లోనే అన్నాడు. ప్రాణుల బతుకు క్షణికమని తలచుకుంటే ఈ గ్రంథంలో శాంతరసమే ప్రధానమని తెలుస్తుందనీ చెప్పాడు. కుట్రలూ హత్యలూ కరువులూ నిండిన కాశ్మీర చరిత్ర గురించి ఆయన అన్న మాట అది!

తెలుగులో మిత్రుడి మాటకు అచ్చమైన ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పుణ్యం కోసం చేసిన యాత్రే. కానీ ఆయన కళ్లు గుడి దగ్గరే ఆగలేదు. బాట ఎలా ఉంది, ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడి జనం ఎలా మాట్లాడతారు అన్నీ రాసుకున్నారు. శ్రీశైలంలో యాత్రికుల దగ్గర కందనూరు (నేటి కర్నూలు) నవాబు పన్ను వసూలు చేయడాన్నీ, గుడి బాగోగులు పట్టించుకోకపోవడాన్నీ దాచలేదు. ఇదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై కోసం రాశారు. 1836లో వీరాస్వామయ్య గారు కన్నుమూశాక, 1838లో ఆ మిత్రుడే అచ్చు వేయించారు. గీత చెప్పిన ప్రియం అంటే ముఖస్తుతి కాదని ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది. శ్రీశైలం దుస్థితి చదివిన భక్తుడికి మనసు నొస్తుంది. అయినా అది గాయపరచాలని అన్న మాట కాదు, ఆ క్షేత్రం మీద ప్రేమతో అన్న మాట.

సురవరం ప్రతాపరెడ్డి గారు మరో దారిలో వెళ్లారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కోసం కావ్యాలనే సాక్ష్యానికి పిలిచారు. కవులు కల్పించిన కథల్లోంచి జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు ఏరి చూపించారు. సాహిత్య అకాడెమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం ఈ పుస్తకానిదే. నవలకో కావ్యానికో కాదు, చరిత్రకు!

నిజాన్ని ప్రియంగా చెప్పడంలో ప్రమాదం లేకపోలేదు. మహాత్ముల జీవితచరిత్రల్లో రక్తి కోసం వారు అనని మాటలు అనిపించడం, జరగని మహిమలు జరిపించడం తరచూ కనిపించేదే. శంకరుల కొలతతో కొలిస్తే అవి నిలవవు. భక్తితో చేసినా అది సత్యానికి జరిగిన అపచారమే.

నిజం చెప్పే పుస్తకాల కోసం మన పెద్దలు పాటుపడ్డారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నిలబెట్టారు. పుస్తకాలకు గూడు కడితే చాలదనీ, అందులో ఉంచదగిన చరిత్రలూ శాస్త్రాలూ తెలుగులో పుట్టాలనీ ఆ తరం నమ్మింది. మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎరుక కోసం వేసిన పుస్తకాలవి.

నేడు మన జిల్లా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాల ముందు కూర్చున్న యువతీయువకులే ఎక్కువగా కనిపిస్తారు. వారి శ్రమ గొప్పది, అవసరమైనది. ఆ బల్లల పక్కనే ఒక అర, నిజం చెబుతూనే సంతోషమిచ్చే పుస్తకాలకు కేటాయించమని గ్రంథాలయ అధికారులను కోరాలి. వీరాస్వామయ్య గారి, సురవరం వారి పుస్తకాలు, తిరుమల రామచంద్ర గారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా', మహీధర నళినీమోహన్ గారి విజ్ఞాన రచనలు అందులో మొదట చేరాలి. ఈసారి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు వీటిలో ఒకటి పేరు పెట్టి అడగండి. లేదంటే తెప్పించమని రాసి ఇచ్చి రండి.