అనుమానమూ, విశ్వాసమూ

‘అనుమానం’ అనే మాటకు మన వాడుకలో రెండు అర్థాలున్నవి. నైయాయికునికి అది ప్రమాణం. పొగను చూచి నిప్పును నిశ్చయించుకొనే మార్గం. సామాన్యునికి అదే మాట సందేహం. ఒకే పదం ఒకచోట నిశ్చయాన్నీ, మరొకచోట నిశ్చయం లేకపోవడాన్నీ తెలుపడం భాషలో అప్పుడప్పుడు జరిగే వింత అని ఊరుకోవచ్చును. కాని విశ్వానికి కర్త ఉన్నాడా అనే ప్రశ్న చుట్టూ వేయి సంవత్సరాలుగా నడచిన వాదాలను చూస్తే, ఈ రెండర్థాలూ ఒకే గూటిలో చేరడం ఉచితమే అనిపిస్తుంది. కర్తను నిరూపించడానికి పుట్టిన ప్రతి అనుమానమూ తన వెంట ఒక అనుమానాన్ని పుట్టించింది.

మనం సాధారణంగా ఒకే ప్రశ్న అనుకొనేదానిలో మూడు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నవి. విశ్వానికి ఆది ఉన్నదా? ఆది ఉంటే దానికి కర్త ఉండి తీరవలెనా? కర్త ఉంటే అతడు మనం చేతులెత్తి మ్రొక్కే దైవమేనా? మొదటిది విజ్ఞానశాస్త్రం విచారించదగినది. రెండవది తర్కానిది. మూడవది విశ్వాసానికి సంబంధించినది. మొదటిదానికి సమాధానం దొరికినంత మాత్రాన తక్కిన రెండూ తీరిపోయినట్లే అని భ్రమించడంలో ఆస్తికులూ, నాస్తికులూ తరచు ఒకరికొకరు తీసిపోరు.

పదవ, పదకొండవ శతాబ్దుల నాటి మిథిలలో ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’ రచించినాడు. ఈశ్వరుని ఉనికిని తర్కంతో స్థాపించడానికి భారతదేశంలో జరిగిన ప్రయత్నాలలో ఇంతకు మించినది లేదని పండితులు భావిస్తారు. అతని హేతువులలో మొదటిది అందరికీ సుబోధమైనది. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. భూమీ, మొలకా కూడ అవయవాల కూర్పు వల్ల ఏర్పడిన కార్యాలే. కాబట్టి వాటికీ తెలివి గల కర్త ఒకడుండవలెను. ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఉదయనుని ఈశ్వరుడు శూన్యంలో నుంచి దేనినీ సృష్టించడు. పరమాణువులు నిత్యాలు, జీవులు నిత్యులు. జీవుల కర్మను అనుసరించి పరమాణువులను కదిలించి కూర్చడమే ఈశ్వరుని పని. అతడు కుమ్మరి, మన్ను అతనికి ముందే ఉన్నది. పూరీ జగన్నాథుని గుడి తలుపులు మూసి ఉండగా ఉదయనుడు అలిగి, బౌద్ధులు దండెత్తి వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉన్నది సుమా అని దేవుని హెచ్చరించినాడని ఒక కథ చెప్పుకొంటారు. కథ నిజమైనా కాకున్నా అందులో చమత్కారంతో పాటు ఒక చిక్కు ఉన్నది. భక్తుని వాదం మీద ఆధారపడి నిలిచే దేవుడు ఆ వాదం ఓడిననాడు ఏమి కావలెను?

వాదాన్ని ఎదిరించినవారు వేదబాహ్యులు మాత్రమే కారు. ఉదయనునికి చాల ముందే, వేదప్రామాణ్యం కొరకు జీవితమంతా పోరాడిన మీమాంసకుడు కుమారిలభట్టు, తన ‘శ్లోకవార్తికం’లో సృష్టికర్తను గూర్చి నిష్కర్షగా ప్రశ్నించినాడు. లోకమే లేనప్పుడు ఆ కర్త ఎక్కడ నిలిచినాడు? శరీరం లేనివాడు ఎట్లా పని చేసినాడు? శరీరం ఉంటే దానిని ఎవరు చేసినారు? దయ వల్ల సృష్టించినాడందామంటే, దయ చూపవలసిన ప్రాణులు అప్పటికి లేరు గదా! ఏ కోరికా లేనివాడు పనికి ఎందుకు పూనుకొన్నాడు? తొమ్మిదవ శతాబ్దిలో జైనాచార్యుడు జినసేనుడు తన మహాపురాణంలో ఇటువంటి ప్రశ్నలనే వరుసగా సంధించి, లోకం అనాది అనీ, కర్త అక్కరలేదనీ తీర్మానించినాడు. కుమారిలుడు యజ్ఞాన్ని విడువలేదు. జినసేనుడు అహింసను విడువలేదు. సృష్టికర్త లేకపోతే ధర్మం నిలువదనే భయం వారికి కలిగినట్లు కనిపించదు.

మరింత ఆశ్చర్యకరమైన సాక్ష్యం రామానుజాచార్యులది. శ్రీమన్నారాయణుని పాదాలు తప్ప అన్యమెరుగని ఆ మహాభక్తుడు, ‘శ్రీభాష్యం’ ఆరంభంలోనే, బ్రహ్మకు శాస్త్రమే ప్రమాణమని చెప్పే సూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ, కుండ–కుమ్మరి వాదాన్ని పూర్వపక్షంగా నిలిపి ఖండించినాడు. పర్వతాలూ సముద్రాలూ కార్యాలే అని ఒప్పుకొన్నా, అవన్నీ ఒకేసారి ఒకే కర్త చేసినవని ఎట్లా తెలుస్తుంది? వేరు వేరు కాలాలలో వేరు వేరు కర్తలు చేసి ఉండరాదా? మనం చూచిన కుమ్మరులందరూ శరీరం గలవారు, పరిమితమైన శక్తి గలవారు. ఆ దృష్టాంతాన్ని నమ్మితే ఈశ్వరుడూ అటువంటివాడే కావలసి వస్తుంది. అందుచేత బ్రహ్మను శ్రుతి వల్ల తెలిసికోవలసినదే గాని అనుమానంతో సాధించరాదని ఆయన నిర్ణయం. శంకరులు కూడ బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో, లోకానికి వెలుపల నిలిచి దానిని తయారు చేసే నిమిత్తకారణ మాత్రుడైన ఈశ్వరుని తర్కంతో కల్పించే మతాన్ని నిరాకరించినారు. ఈ ఇద్దరు ఆచార్యులూ దైవాన్ని తర్కం నుంచి దూరం చేసినది దైవం మీద నమ్మకం తక్కువై కాదు. కుమ్మరిని పెద్దవాణ్ణి చేస్తూ పోతే పెద్ద కుమ్మరి దొరుకుతాడు. బ్రహ్మ దొరకదని వారికి తెలుసు.

ఇక విజ్ఞానశాస్త్రం చెప్పేదేమి? 1927లో బెల్జియం దేశీయుడైన జార్జి లెమైత్ర్ విశ్వం వ్యాకోచిస్తున్నదని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి రాబట్టినాడు. దూరాన ఉన్న నక్షత్ర మండలాలు ఎంత దూరమైతే అంత వేగంగా తొలగిపోతున్నవని 1929లో హబుల్ ప్రకటించినాడు. వ్యాకోచాన్ని వెనుకకు త్రిప్పి చూస్తే, విశ్వమంతా ఒకప్పుడు అత్యంత సాంద్రంగా, అత్యంత వేడిగా ఉండి ఉండవలెను. ఈ ఆది కల్పన రుచించని ఫ్రెడ్ హాయిల్, బాండీ, గోల్డ్‌లు 1948లో స్థిరస్థితి సిద్ధాంతాన్ని ప్రతిపాదించినారు. మన జయంత్ నార్లీకర్ హాయిల్‌తో కలిసి ఆ మార్గంలో చాల కాలం పరిశోధించినాడు. ‘మహావిస్ఫోటం’ అనే పేరు కూడ 1949లో హాయిల్ రేడియో ప్రసంగంలో వాడినదే. కాని 1964లో పెంజియాస్, విల్సన్‌లు ఆకాశంలో అన్ని దిక్కుల నుంచీ సమంగా వచ్చే సూక్ష్మతరంగాలను కనుగొన్నారు. పరమ శూన్య ఉష్ణోగ్రతకు పైన సుమారు 2.7 డిగ్రీల ఆ చల్లని కాంతి, ఒకనాటి వేడికి మిగిలిన ఆనవాలు. నేటి లెక్క ప్రకారం ఆ వ్యాకోచం మొదలై సుమారు 1,380 కోట్ల సంవత్సరాలైనది.

ఇంత స్పష్టమైన సాక్ష్యం చూచినప్పుడు, ఇదిగో సృష్టి, ఇక సృష్టికర్త ఉన్నట్లే అని ఎవరికైనా అనాలనిపిస్తుంది. 1951 నవంబరులో పన్నెండవ పయస్ పోపు తన విజ్ఞాన పరిషత్తు ఎదుట చేసిన ప్రసంగంలో దాదాపు ఆ మాటే అన్నాడు. ఆ ప్రసంగం నచ్చనివారిలో ముఖ్యుడు లెమైత్ర్. అతడు భౌతికశాస్త్రవేత్త మాత్రమే కాదు, కాథలిక్ మతాచార్యుడు కూడ. తన సిద్ధాంతం మతానికీ తత్త్వానికీ వెలుపలిదనీ, దేవుని నమ్మనివాడు కూడ దానిని నిరాటంకంగా ఒప్పుకోవచ్చుననీ అతని అభిప్రాయం. తొమ్మిది వందల ఏండ్ల ఎడంలో, ఒకరి పేరు ఒకరు వినే అవకాశం లేని శ్రీరంగపు ఆచార్యుడూ లూవేన్ మతాచార్యుడూ ఒకే జాగ్రత్త పాటించినారు. భగవంతుని ఒక సమీకరణానికి తాకట్టు పెట్టరాదన్నదే ఆ జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో తరువాతి చరిత్ర చూపుతున్నది. 1955లో కలకత్తాలో పనిచేస్తుండిన అమల్‌కుమార్ రాయ్‌చౌధురి ఒక సమీకరణాన్ని ప్రకటించినాడు. ద్రవ్యపు ఆకర్షణ వల్ల మార్గాలు ఎట్లా దగ్గరకు చేరుతవో అది చెబుతుంది. ఆ సమీకరణం ఆధారంగానే 1965 తరువాత పెన్‌రోజ్, హాకింగ్‌లు, సాపేక్షతా సిద్ధాంతం సత్యమైతే కొన్ని సహజమైన నిబంధనల క్రింద విశ్వపు గతంలో ఒక విపరీత బిందువు తప్పదని నిరూపించినారు. ఆ బిందువు వద్ద సాంద్రత అనంతమవుతుంది, లెక్కలు ఆగిపోతవి. దానిని సృష్టి క్షణం అని పిలువడానికి తొందరపడినవారున్నారు. కాని లెక్క ఆగిపోయినదంటే, ఆ సిద్ధాంతం తన సరిహద్దు చేరినదని అర్థం. సరిహద్దు రాయిని చూచి లోకం అక్కడితో అంతమని అనుకోరాదు గదా! ఆ రాయికి అవతల ఏమున్నదో చెప్పడానికి గురుత్వాకర్షణనూ క్వాంటం సూత్రాలనూ కలిపే శాస్త్రం కావలెను. అది ఇంకా సిద్ధించలేదు.

ఇదే హెచ్చరిక రెండవ పక్షానికీ వర్తిస్తుంది. 1980ల తొలి సంవత్సరాలలో విలెంకిన్ ఒక విధంగా, హార్టిల్, హాకింగ్‌లు మరొక విధంగా, విశ్వం ‘ఏమీ లేని’ స్థితి నుంచి క్వాంటం నియమాల వల్లనే పుట్టవచ్చునని లెక్కలు కట్టినారు. కనుక కర్త అక్కరలేదని కొందరు చాటినారు. కాని ఆ ‘ఏమీ లేనితనం’లో నియమాలున్నవి, గణితమున్నది. మన్ను లేకపోవచ్చును గాని కొలతలు మిగిలినవి. ఆ నియమాలు ఎందుకున్నవి, అసలు ఏదో ఒకటి ఎందుకున్నది అనే ప్రశ్నను ఏ సమీకరణమూ తాకలేదు. అయితే తాకలేదు కనుక అక్కడ దేవుడున్నాడని అనడం మళ్ళీ కుమ్మరి వాదమే. ఆ నియమాలకు కర్త ఉంటే, ఆ కర్తకు కర్త ఎవరు? ఎక్కడో ఒకచోట ఆగవలెను. ఒకరు విశ్వం దగ్గరనే ఆగుతారు, మరొకరు ఈశ్వరుని దగ్గర ఆగుతారు. ఆగే చోటును ఎన్నుకొనేది తర్కం మాత్రమే కాదు; మనిషి మొత్తం స్వభావం.

మన కాలానికి సమీపంలో ఈ సంగతి గ్రహించిన ఆస్తికుడు మహమ్మద్ ఇక్బాల్. మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్ నగరాలలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1930లో గ్రంథరూపం పొందినవి. ఆ ఉపన్యాసాలలో దేవుని ఉనికికి ప్రసిద్ధమైన తార్కిక నిరూపణలను ఎత్తుకొని, అవి నిలువవని ఆయన ఒప్పుకొన్నాడు. కారణాల గొలుసును పట్టుకొని వెనుకకు పోతూ, ఒకచోట చటుక్కున ఆపి, ఈ కొక్కెం మాత్రం కారణం లేనిది అంటే, ఏ నియమం మీద గొలుసు నడిచినదో ఆ నియమాన్నే మనం కాలదన్నినట్లు అవుతుంది. ఆయన దైవాన్ని వెదికినది గొలుసు కొసన కాదు, మానవుని ఆంతరికానుభవంలో.

ఇదంతా పండితుల వినోదమనీ, బ్రతుకుతో దీనికి పని లేదనీ అనేవారుంటారు. 1934 జనవరి 15న బిహారులో ఘోరమైన భూకంపం వచ్చి వేలమంది మరణించినారు. అప్పుడు దక్షిణదేశంలో అస్పృశ్యతా నివారణకై పర్యటిస్తున్న గాంధీ, ఆ విపత్తు అస్పృశ్యతా పాపానికి భగవంతుడు పంపిన దండన అన్నాడు. రవీంద్రుడు నొచ్చుకొన్నాడు. భౌతిక విపత్తులకు భౌతిక కారణాలే ఉంటవనీ, ఇటువంటి వాదం గాంధీ ప్రత్యర్థులకే చక్కగా అమరుతుందనీ, వారు ఇదే భూకంపానికి గాంధీని బాధ్యుణ్ణి చేయవచ్చుననీ వ్రాసినాడు. గాంధీ ఆ ఖండనను తన ‘హరిజన్’ పత్రికలో ప్రచురించి, సమాధానమిచ్చి, తన నమ్మకాన్ని నిలుపుకొన్నాడు. ఇద్దరూ ఈశ్వరుని నమ్మినవారే. అస్పృశ్యత పాపమన్నదానిలో ఇద్దరికీ భేదం లేదు. భేదమంతా ప్రకృతి చేష్టలలో కర్త ఉద్దేశాన్ని చదువవచ్చునా అన్నదానిలోనే. శిథిలాల క్రింద పోయిన పసిబిడ్డలు ఎవరి పాపానికి దండన పొందినారు? విశ్వంలోని ప్రతి సంఘటనకూ ఒక ఉద్దేశాన్ని అంటగట్టే తర్కం, చివరకు చనిపోయినవారిని దోషులను చేసి గాని ఊరుకోదు.

అదే గాంధీ 1931లో ‘దేవుడే సత్యం’ అన్న తన మాటను ‘సత్యమే దేవుడు’ అని మార్చి చెప్పినాడు. ఆ మార్పు వల్ల దేవుని నమ్మనివారికి కూడ ఆయన ప్రక్కన చోటు దొరికినది. ఆంధ్రదేశంలో నాస్తికోద్యమం నడిపిన గోరా, అస్పృశ్యతా నిర్మూలనలో ఆయనతో చేతులు కలుపగలిగినాడు. ఒకరు దేవుడున్నాడని, మరొకరు లేడని అస్పృశ్యతతో పోరాడినారు. విశ్వం ఎట్లా మొదలైనదో తేలేవరకు వారిలో ఎవరూ వేచి ఉండలేదు.

విశ్వోత్పత్తికి కర్త అవసరమా అన్నదానికి, కాబట్టి, ఇంతవరకు చెప్పదగిన సమాధానం ఇది: విజ్ఞానశాస్త్రం పనికి కర్త అవసరం కలుగలేదు, తర్కం అతనిని స్థాపించనూ లేదు, త్రోసివేయనూ లేదు, విశ్వాసం ఈ రెండింటి అనుమతి కొరకు ఎదురు చూడనక్కరలేదు. ఎదురు చూచే విశ్వాసం, ప్రతి కొత్త దుర్భిణితోనూ వణుకవలసి వస్తుంది.

ఋగ్వేదం పదవ మండలంలోని నాసదీయ సూక్తంలో ఋక్కులు ఏడే. సృష్టి ఎక్కడి నుంచి వచ్చినదని అడిగిన ఆ ఋషి, దేవతలు సైతం దానికి తరువాతివారే గదా అని తలపోసి, పైనుంచి చూచేవానికైనా తెలుసునో తెలియదో అనే సందేహంతో ముగిస్తాడు. ఆ సూక్తాన్ని అపచారమని ఎవరూ తొలగించలేదు. యజ్ఞం చేసేవారు, దేవతలను స్తుతించేవారు, ఆ సందేహాన్ని కూడ స్వరం తప్పకుండా కంఠస్థం చేసి, తండ్రి నుంచి కొడుకుకూ, గురువు నుంచి శిష్యునికీ అందిస్తూ వచ్చినారు.