పస్తు ఎప్పుడు రోజా అవుతుంది?

ముక్తేశ్వరంలోని ఒక ముస్లిం కుటుంబంలో అత్తాకోడళ్ళ మధ్య తలెత్తిన ప్రశ్న ఇది. కోడలు సోమ, గురువారాలు నఫిల్ రోజాలు పాటిస్తోంది. ఒళ్ళు తగ్గాలన్న కోరిక కూడా తనకు ఉందని ఆమె దాచుకోలేదు. "అయితే అది రోజా కాదమ్మా, డైటింగ్. మధ్యలో అల్లాహ్ పేరెందుకు?" అంది అత్తగారు. "సున్నత్ రోజుల్లోనే ఉంటున్నాను కదా అత్తమ్మా! ఒంటికి మేలు జరిగినంత మాత్రాన పుణ్యం పోతుందా?" అని కోడలి జవాబు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది కనుక నిదానంగా ఆలోచించాలి.

బరువు తగ్గడానికి పస్తులుండే పద్ధతులు మన వాళ్ళకు కొత్త కాదు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార పద్ధతి గురించి తెలుగునాట ఇంటింటా చర్చ జరిగింది. చుట్టూ కొబ్బరితోటలున్నా కూరల్లో కొబ్బరినూనె వాడే అలవాటు లేని కోనసీమవాసులు కూడా ఆ రోజుల్లో దాన్ని కొలిచి తాగారు! ఇప్పుడు 'ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్' వంతు వచ్చింది. రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా, మిగిలిన 8 గంటల్లోనే భోజనం ముగించడం ఇందులో ఒక పద్ధతి. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు బాగా తగ్గించి తినడం మరో పద్ధతి. ఈ రెండోదాన్ని 2012లో బి.బి.సి. కార్యక్రమం ద్వారా మైఖేల్ మోస్లీ ప్రచారంలోకి తెచ్చారు. ఇది చూసి మన సోదరులు కొందరు "సోమ, గురువారాల సున్నత్‌ను సైన్సు ఇప్పుడు కనిపెట్టింది" అని సందేశాలు పంపుతున్నారు. 2016 నోబెల్ బహుమతి ఉపవాసానికే వచ్చిందని ఇంకొందరు చెబుతున్నారు. ఇది సరైన మాట కాదు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి పరిశోధించింది కణం తనలోని వ్యర్థ భాగాలను తానే విడగొట్టి తిరిగి వాడుకునే విధానాన్ని. అది కూడా ఈస్టు కణాల మీద. రోజా గొప్పతనం నిరూపించడానికి సగం నిజాల అవసరం లేదు.

ఇంతకూ ఈ పద్ధతి వల్ల బరువు తగ్గుతుందా? తగ్గుతుంది, అయితే అందులో మంత్రమేమీ లేదు. చైనాలోని గ్వాంగ్జౌలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాదిపాటు జరిపిన పరిశీలన 2022లో వెలువడింది. అందరూ ఆహారం తగ్గించారు. ఒక వర్గం మాత్రం దాన్ని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నది. వారు సగటున 8 కిలోలు తగ్గితే, వేళల నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత పెద్దది కాదని పరిశోధకులు తేల్చారు. అంటే మేలు ప్రధానంగా తక్కువ తినడం వల్ల కలిగింది. కేలరీలు లెక్కపెట్టే విసుగు లేకపోవడం ఈ పద్ధతిలోని సుఖం. తలనొప్పి, నీరసం, పస్తు విడిచాక రెట్టింపు తినడం, కొవ్వుతోపాటు కండ కూడా కరగడం ఇందులోని నష్టాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక అసలు విషయానికి వద్దాం. కోడలి ప్రశ్న తొమ్మిది వందల ఏళ్ళ కంటే పాతది. 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో చిత్తశుద్ధిని చర్చిస్తూ సరిగ్గా ఈ ఉదాహరణే తీసుకున్నారు: దైవసాన్నిధ్యంతోపాటు పథ్యం వల్ల కలిగే లాభం కూడా ఆశించి ఉపవాసం ఉండే మనిషి. అటువంటి కలయికతో చిత్తశుద్ధి స్వచ్ఛంగా మిగలదనీ, ప్రతిఫలం ఏ ప్రేరణ బలమైనదో దాన్నిబట్టి ఉంటుందనీ ఆయన అభిప్రాయం. ఆ తర్వాతి శతాబ్దపు మాలికీ పండితుడు ఇమామ్ ఖరాఫీ కొంత సడలింపు చూపారు. జనం మెప్పు కోసం చేసే ప్రదర్శనాబుద్ధి వేరు, ఆరాధనతోపాటు ఆరోగ్యం కోరుకోవడం వేరు అన్నారు. పెళ్ళి చేసుకునే స్తోమత లేని యువకులకు దైవప్రవక్త (స) ఉపవాసాన్ని సూచించారని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. కోరికల అదుపు అనే శారీరక ఫలితాన్ని అక్కడ ఆయనే చెప్పారు కదా! కనుక అత్తగారు "ఇది రోజానే కాదు" అనడం తొందరపాటు.

అయితే కోడలు తనను తాను పరీక్షించుకోదగిన చోటు ఒకటుంది. మన ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో సహరీ ముగింపు నుంచి ఇఫ్తార్ వరకు సుమారు 13 గంటలు. 16 గంటల లెక్క పూర్తి కావాలంటే ఆమె సహరీని ఎగ్గొట్టాలి, లేదా అర్ధరాత్రికే ముగించాలి, లేదా మగ్రిబ్ అజాన్ విన్నాక కూడా ఖర్జూరం ముట్టకుండా గడియారం చూస్తూ కూర్చోవాలి. మహాప్రవక్త (స) సహరీలో శుభముందని చెప్పారు, ఇఫ్తార్‌ను ఆలస్యం చేయవద్దన్నారు. అజాన్ ఒక మాట చెబుతుంది, బరువు యంత్రం ఇంకో మాట చెబుతుంది. ఆ క్షణంలో ఆమె ఎవరి మాట వింటుందో, ఆ ఉపవాసం వారి కోసం. నియ్యత్ గుండెలో దాగి ఉంటుందంటారు గానీ, ఇటువంటి వేళల్లో చేతిలోనే కనిపిస్తుంది. ఆరు వారాలైనా ముల్లు కదలకపోతే సోమవారం రోజా కొనసాగుతుందా అన్నది కూడా ఇదే ప్రశ్న. బరువు కోసమే అయితే నీళ్ళు, చక్కెర లేని టీ తాగుతూ హాయిగా ఆ పద్ధతే పాటించవచ్చు. అది ధర్మసమ్మతమే, దేహాన్ని కాపాడుకోవడం మంచి పనే. దానికి రోజా అని పేరు పెట్టనక్కర్లేదు, అంతే.

ఈ కొలమానం కోడలికి ఒక్కదానికే కాదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) నిత్యం ఉపవాసాలుంటానని పట్టుబట్టినప్పుడు దైవప్రవక్త (స) ఆయన శరీరానికి ఆయనపై హక్కుందని గుర్తుచేశారు. రోజు విడిచి రోజు, అంటే హజ్రత్ దావూద్ (అలై) పాటించినట్లు, అంతకు మించి వద్దన్నారు. ఆరాధన కోసమైనా శరీరాన్ని అరగదీయడానికి అనుమతి దొరకలేదు. మరి ఇన్సులిన్ తీసుకునే మన పెద్దల సంగతేమిటి? "డాక్టర్ వద్దన్నా నేను ఒక్క రోజా విడవలేదు" అని మస్జిద్‌లో గర్వంగా చెప్పుకునేవారు మన మధ్య ఉన్నారు. ఖుర్ఆన్ బఖరా సూరాలో (2:184-185) రోగికి మినహాయింపు ఇచ్చి, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడని చెప్పాక, ఆ మినహాయింపును తిరస్కరించడం ఏ రకమైన విధేయత? 13 దేశాల్లో పన్నెండు వేలకు పైగా మధుమేహులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో రమజాన్ నెలలో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం టైప్-1 వారిలో 4.7 రెట్లు, టైప్-2 వారిలో 7.5 రెట్లు పెరిగిందని తేలింది.

అందువల్ల మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి కలవాలి. మందు మోతాదు, వేళలు ఆయన మారుస్తారు, లేదా రోజా వద్దంటారు. రోజా ఉన్నవారు మధ్యలో సూదితో రక్తంలో చక్కెర చూసుకోవచ్చు, దానివల్ల రోజా భంగం కాదు. చక్కెర 70 కంటే తగ్గితే ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా వెంటనే రోజా విరమించాలి. తర్వాత కోలుకునేవారు ఆ రోజాలను వేరే రోజుల్లో పూర్తి చేస్తారు. కోలుకునే ఆశ లేనివారు ఒక్కో రోజాకు ఒక పేదవానికి అన్నం పెడతారు. ఆ అన్నం పెట్టేటప్పుడు కూడా నియ్యత్ చేసుకుంటారు.