ఓడినవాళ్ల పేర్లు

బడి ప్రార్థనలో హెడ్మాస్టరు గారు చదివే పేర్లన్నీ గెలిచినవాళ్లవే. మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. వాళ్లకు మిగిలే పని అదే మరి!

2022 ఆగస్టు 7, శ్రీహరికోట. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు చేయి వేసిన ఆజాదీశాట్ ఉపగ్రహం, ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో ఎగిరింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సింది కాస్తా, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగిపోయే దారిలో పడింది. అంత కిందికొస్తే గాలి ఊరుకుంటుందా? ఉపగ్రహం దక్కలేదు. తప్పు పిల్లలది కాదు, రాకెట్‌ది. ఆర్నెల్లు తిరిగాయి. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది.

హెడ్మాస్టరు గారూ, ఓటమి చివరి మాట కాదు కదా, ఇవాళ్టి ప్రార్థనలో నిన్న ఓడొచ్చిన మన కబడ్డీ జట్టు పేర్లు కూడా చదవండి.