బొమ్మల చిత్రములలో ధర్మవిచారము

బొమ్మల చిత్రములు పిల్లల కొరకే యని పెక్కుమంది పెద్దల యభిప్రాయము. పిల్లలను తెర ముందు కూర్చుండబెట్టి, ఆ రెండు గంటలు తమ పనులు తాము చూచుకొనుట నేడు గృహములయందు వాడుకయైనది. ఈ యభిప్రాయము మన దేశపు సంప్రదాయమునకు సరిపడునది కాదు. తెల్లని తెర వెనుక దీపములు వెలిగించి, రంగులద్దిన తోలుబొమ్మలతో రామాయణ భారత కథలను ఆడించిన కళాకారులు పసివారి కొరకు మాత్రమే రాత్రులు మేలుకొనలేదు. కర్ణాటకమున తొగలు గొంబెయాట, తమిళనాట తోల్పావై కూత్తు, ఒడిశాలో రావణచ్ఛాయ, మహారాష్ట్రమున పింగుళి గ్రామపు తోలుబొమ్మలు, ఆంధ్రమున తోలుబొమ్మలాట - మనవారు స్థిరపడిన ప్రాంతములలో దాదాపు అంతటను ఈ విద్య కలదు. జుట్టుపోలిగాడును బంగారక్కయు పిల్లలను నవ్వించుచుండగా, ఆ పక్కనే కూర్చున్న పెద్దలు రాముని ధర్మసంకటమును గూర్చి ఆలోచించుచుండిరి. ఒకే తెర ఇరువురకును చాలినది.

యానిమేషన్ యని నేడు పిలువబడు చిత్రములయందును ఉత్తమమైనవి ఈ కోవకు చెందినవే. వానిలో మూడింటిని ఇచ్చట విచారింపదలచితిని. మూడును వేరు వేరు దేశముల కథలు. అయినను మూడింటి లోపల ఒకే ప్రశ్న యున్నది: తనదైన చోటు దూరమైనప్పుడు మనుష్యుడు దేనిని నిలుపుకొనవలెను? దేనిని విడువవలెను?

మన కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మగ్గము నమ్ముకొని షోలాపురమునకు పోయినవారు మనలో కలరు. నాయకరాజుల కాలమున తమిళదేశమునకు తరలినవారు కలరు. కొందరు ఎచ్చటికిని కదలలేదు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడివారికిని, 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు అచ్చటివారికిని, ఇల్లు ఉన్నచోటనే యుండగా సరిహద్దు కదలినది. ఎటులైనను ఫలము ఒక్కటే. ఇంటిలో ఒక భాష, వీధిలో మరియొక భాష.

మొదటి చిత్రము జపానుదేశీయుడగు హయావొ మియజాకి రచించి దర్శకత్వము వహించినది. 2001లో వెలువడినది. 'స్పిరిటెడ్ అవే' యని దాని ఆంగ్లనామము. 2002లో బెర్లిను చిత్రోత్సవమున అత్యున్నత పురస్కారమును, మరుసటి సంవత్సరమున ఆస్కారును పొందినది. చిహిరో యను పదియేండ్ల బాలిక తల్లిదండ్రులతో క్రొత్త ఊరికి కాపురము పోవుచు, దారితప్పి, ఒక సొరంగమును దాటి దేవతలు సంచరించు లోకమున పడును. అచ్చట ఎవరికొరకో వండియుంచిన పదార్థములను తల్లిదండ్రులు అడుగకయే ఆరగింతురు. తన వద్ద డబ్బున్నది, కార్డులున్నవి యని తండ్రి ధీమా. చూచుచుండగనే ఇరువురును పందులై పోవుదురు. బాలిక ప్రాణము దక్కించుకొనుటకు యుబాబ యను మంత్రగత్తె నడపు స్నానశాలలో పనికి కుదురును. ఒప్పందపత్రముపై చేవ్రాలు చేసినంతనే ఆమె పేరులోని అక్షరములను ఆ మంత్రగత్తె లాగికొనును. మిగిలిన ఒక్క అక్షరమును విడిగా 'సెన్' అని చదువుదురు. దానికి వేయి యని అర్థము. పేరు పోయి సంఖ్య మిగిలినది!

ఆ చోట హాకు యను బాలుడు ఆమెకు ఒక హెచ్చరిక చేయును. పేరు మరచినవారికి ఇంటిదారి దొరకదట. అప్పటికే చిహిరో తన పేరు సగము మరచియున్నది. దాచియుంచిన దుస్తులలో స్నేహితులు వ్రాసియిచ్చిన వీడ్కోలు చీటి కనబడి, దానిని చదివి జ్ఞప్తికి తెచ్చుకొనును. హాకు తన పేరును పూర్తిగా మరచినవాడు. అతడు నిజమునకు ఒక నదీదేవత. ఆ నదిని పూడ్చి ఇండ్లు కట్టిరి. చిన్ననాడు తాను పడిన యేటి పేరును చిహిరో తలచుకొని చెప్పగనే అతనికి విముక్తి కలుగును.

తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో, పాఠశాల పట్టికయందు ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రమే మిగిలినవి కలవు. అది ఎవరును మంత్రము వేసి లాగికొనినది కాదు. స్థానికమైన పద్ధతి, దోషమేమియు లేదు. కాని ఆ యక్షరము వెనుక ఇంటిపేరు ఒకటి యుండెనని పిల్లవానికి చెప్పువారు లేనప్పుడు చిహిరో కథ మన కథయే యగును.

ఇచ్చట రెండు విషయములను గమనింపవలెను. మొదటిది: చిహిరో పేరు పనిచేయుట వలన పోలేదు. ఆమె స్నానశాలలో నేల తుడిచినది, పెద్దతొట్టి కడిగినది, మురికితో వచ్చిన దేవతకు సేవ చేసినది. ఆ పనియే ఆమెను దృఢురాలిని చేసినది. పరుల భాష నేర్చుట, పరుల నడుమ నిజాయితీగా బ్రదుకుట తన్ను తాను పోగొట్టుకొనుట కాదని దీని భావము. కన్నడమో, ఒడియాయో, మరాఠీయో చక్కగా నేర్చిన పిల్లలను చూచి దిగులుపడు పెద్దలు దీనిని తలపవలెను. రెండవది మనకు మరింత చురుకు పుట్టించునది: ఈ కథలో పిల్ల పేరు మరచుటకు మునుపే పెద్దలు తిండియందు తమ్ము తాము మరచిరి. లాభము వచ్చునని ఇంటిలో తెలుగు మానివేసినవారు తల్లిదండ్రులు. నోట తెలుగు రాలేదని నింద మోయునది పిల్లలు. ఈ న్యాయము ఏ ధర్మశాస్త్రమున కలదు?

ఇక రెండవ చిత్రము. పీట్ డాక్టర్ దర్శకత్వమున అమెరికాలో పిక్సార్ సంస్థ 2009లో నిర్మించిన 'అప్'. ఇందు నాయకుడు డెబ్బది యెనిమిదేండ్ల వృద్ధుడు కార్ల్, బుడగలమ్మి జీవించినవాడు. చిన్ననాటి నేస్తమగు ఎల్లీని పెండ్లాడెను. దక్షిణ అమెరికాలోని ఒక జలపాతము పక్కన ఇల్లు కట్టుకొనవలెనని ఆమె కల. దాని కొరకు సీసాలో కూడబెట్టిన చిల్లర, బండిచక్రమునకో, విరిగిన కాలికో, ఇంటికప్పునకో ఎప్పటికప్పుడు ఖర్చగుచు వచ్చును. పిల్లలు కలుగలేదు. ఆమె మరణించును. ఈ దాంపత్యమంతయు ఒక్క మాటయైనను లేక కొలది నిమిషములలో చూపిన తీరును కంటతడి పెట్టక చూడజాలము.

ఇల్లు విడిచి వృద్ధాశ్రమమునకు పొమ్మనగా, కార్ల్ వేలకొలది బుడగలు కట్టి ఇంటినే ఆకాశమునకు లేపును. అనుకోకుండ వాకిట నిలిచిన రస్సెల్ అను బాలుడును వెంట వచ్చును. జలపాతము దాపునకు చేరినపిదప ఆ వృద్ధుడు గాలిలో తేలుచున్న ఇంటిని గొట్టముతో నడుమునకు కట్టుకొని ఈడ్చుకొని నడచును. ఆ దృశ్యమును చూచి నవ్వనివారు లేరు. ఒక్కొక్కప్పుడు మనమును అట్లే నడచుచున్నామని తోచినచో ఆ నవ్వు ఆగును.

చివరకు ఇంటిని భార్య కోరినచోటనే నిలిపి, ఆమె పుస్తకమును తెరచును. చేయవలసిన సాహసముల కొరకు ఆమె విడిచిన పుటలు ఖాళీగా నుండునని అతని తలంపు. ఆ పుటలనిండ తమ సంసారపు ఛాయాచిత్రములే యుండును. క్రొత్త సాహసమునకు పొమ్మని ఆమె కడపటి మాట. అప్పుడతడు బాలుని ఆపదనుండి కాపాడుటకై, ఇంటిలోని కుర్చీలను బీరువాలను బయట పారవైచి, బరువు తగ్గించి ఇంటిని మరల ఎగురజేయును. తుదకు ఆ ఇల్లే మబ్బులలో కలిసిపోవును. అతడు విలపింపడు.

చిహిరో పేరును విడువరాదు; కార్ల్ ఇంటిని విడువవలెను. రెండును గతమునకు సంబంధించినవే గదా, ఈ భేదమెక్కడిది? నాకు తోచిన గురుతు ఇది: దేనిని విడిచినచో మనుష్యుడు తన్ను తాను గుర్తింపజాలడో అది పేరు. దేనిని మోయుటవలన పక్కనున్న బిడ్డకు చేయి అందింపజాలడో అది ఇల్లు.

ఈ గురుతుతో పరీక్షించినచో, మనము తెలుగుదనమని మోయుచున్న సామగ్రిలో కొంత బీరువాలు, కుర్చీలు మాత్రమే. వచ్చిననాటి కట్నముల పట్టింపు, పంక్తిలో భేదము, ఫలానా కులమువారితో మాత్రమే తెలుగు మాటలాడుదుమను సంకోచము - ఇవి మన పూర్వులు తెచ్చినవే కావచ్చును. పూర్వులు తెచ్చినదెల్ల నిధి కాదు.

భాష మాటయేమి? అది పేరా, ఇల్లా? అన్యభాషీయుల ఇంటికి కోడలిగా పోయిన మన బిడ్డకు తెలుగు బరువైనచో దించివేయవచ్చునా యని అడుగువారు కలరు. భాష పేరు వంటిదే యని నా నిశ్చయము. అది భుజమున మోయునది కాదు, పిలిచినప్పుడు పలుకునది. కాని భాష పేరిట మనము చేయు గద్దింపు మాత్రము బరువే. మనుమడు తప్పులతో తెలుగు మాటలాడినచో, దిద్దుటకు మునుపు వినవలెను. తప్పు లేకుండ పలుకుమని భయపెట్టిన ఇంటిలో పిల్లలు మౌనమునే నేర్తురు.

మూడవ చిత్రము 2017లో లీ అన్‌క్రిచ్ దర్శకత్వమున వెలువడిన 'కోకో'. మెక్సికో దేశమున మృతులను స్మరించు పండుగ దీనికి ఆధారము. ఇంటిలో పీఠము నిలిపి, గతించినవారి పటములుంచి, బంతిపూలు పరచి, వారికి ప్రియమైన వంటకములు పెట్టుదురు. మహాలయపక్షమున పితరులను తలచు మనకు ఇది పరాయిగా తోచదు. పటము పెట్టువారు లేనిచో మృతుడు ఆనాడు ఇంటికి రాజాలడు. బ్రదికియున్నవారిలో తలచువాడు ఒక్కడును మిగులనినాడు పరలోకమునుండియు మాసిపోవును. ఇది ఈ కథలోని కల్పన.

మిగుయెల్ అను బాలుని వంశమున సంగీతము నిషిద్ధము. ముత్తవ్వ కోకో తండ్రి పాటల కొరకు భార్యాబిడ్డలను విడిచిపోయెనని నాలుగు తరములుగా వారి కోపము. అతని ముఖమును పటమునుండి చింపివైచిరి. నిజమునకు అతడు ఇంటికి తిరిగి రావలెనని బయలుదేరగా, స్నేహితుడే విషమిచ్చి చంపి అతని పాటలను తనవిగా చెప్పుకొని కీర్తి గడించెను. ఇది తెలిసికొనిన బాలుడు, సర్వమును మరచుచున్న ముత్తవ్వ చెంత కూర్చుండి, ఆమె తండ్రి ఆమెకై కట్టిన పాటను పాడును. ఆమె పెదవులు కదలును. తండ్రి ముఖమున్న పటపు ముక్కను, అతని ఉత్తరములను తాను దాచియుంచితినని చూపును.

పాటకు గల ఈ శక్తిని మనమెరుగుదుము. 1847లో తిరువయ్యారున సిద్ధిపొందిన త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను, తెలుగు మాతృభాష కాని గాయకులెందరో తరతరములుగా కాపాడుకొని వచ్చుచున్నారు. అయితే 'కోకో' చెప్పునది అంతకు మించినది. ఆ కుటుంబము మరచినది కాదు; గట్టిగా గుర్తుంచుకొనినది. గుర్తుంచుకొనినది అసత్యము. అందువలన నిర్దోషి యొకడు శిక్షింపబడెను, పసివాని విద్య అడ్డగింపబడెను. స్మృతి తనంత తాను ధర్మము కాదు. సత్యమైనంత మేరకే ధర్మము. మనవారు రాజుల కొలువున వచ్చిరని చెప్పుకొను కుటుంబములు కూలికి వచ్చిన ముత్తాతను, కరవునకు వచ్చిన అవ్వను పటమునుండి చింపివేయకుందురు గాక. వారి చెమటయే మనకు ఇల్లైనది.

మూడు చిత్రములయందును మరియొక సామ్యము గలదు. చిహిరోకు తల్లిదండ్రులు దక్కినది ఆమె తెలివివలన. కార్లునకు బ్రదుకు దక్కినది రస్సెల్ వలన. కోకో తండ్రికి పేరు దక్కినది మిగుయెల్ వలన. పెద్దలు పిల్లలకు వారసత్వమును అందింతురని మన నమ్మకము. దానిని పరిశోధించి, పొల్లు తీసి, మరల పెద్దలకు అందించువారు పిల్లలని ఈ కథలు చూపుచున్నవి. కనుక ఈసారి పిల్లలను తెర ముందు విడిచి లేచిపోక, పక్కన కూర్చుండుడు. చిత్రము ముగిసినపిదప ఏమి నేర్చితివని పరీక్ష పెట్టకుడు. మనము దేనిని విడువవచ్చునని నీకు తోచినదని అడుగుడు. సమాధానము ఏ భాషలో వచ్చినను వినుడు. ప్రశ్న మాత్రము తెలుగున అడుగుడు.