ఇంజను మారిన బండి

ఒక వస్తువు కాలక్రమమున మార్పులు పొందుచు పోగా, ఏ మార్పు వఱకు అది తానే యగును, ఏ మార్పుతో తాను కాక మఱియొకటి యగును అను ప్రశ్న తత్త్వశాస్త్రమునకు క్రొత్తది కాదు. ఓడ పలకలను గూర్చి గ్రీకులును, రథాంగములను గూర్చి బౌద్ధులును, వస్త్రములోని పోగులను గూర్చి మన తార్కికులును ఈ ప్రశ్ననే వేసికొని తమతమ మార్గముల సమాధానములు చెప్పుకొనిరి. అయితే ఆ ఓడను, ఆ రథమును కన్నులార చూచినవారు మనలో నెవరును లేరు. అందుచేత ఆ వాదములు మనకు వినసొంపుగా నుండునే కాని తేల్చుకొనక తీరదను నిర్బంధమును కలిగింపవు. పాతకాలపు కారులను ప్రాణసమానముగ చూచుకొను ఔత్సాహికులకు మాత్రము ఇది డబ్బుతోను, పరువుతోను, ఒక్కొక్కప్పుడు న్యాయస్థానముతోను ముడిపడిన ప్రశ్న. బోరుకు వచ్చిన ఇంజనును దింపి దాని చోట మఱియొక బండి ఇంజనును ఎక్కించిన నాడు, షెడ్డులో నుండి బయటికి వచ్చునది లోపలికి పోయిన కారేనా?

ఆ పని జరుగునప్పుడు దగ్గఱ నిలిచి చూచినవారికి ఈ ప్రశ్న బరువెంతటిదో తెలియును. పెట్రోలు అంబాసిడరుకు డీజిలు ఇంజను ఎక్కించుట మన ప్రాంతపు షెడ్డులలో ఒకప్పుడు నిత్యకృత్యము. బానెట్టు విప్పి గోడకు చేరవేసి, రేడియేటరులోని నీరు వదలి దానిని ఊడదీసి, గొట్టములను తీగెలను ఒక్కొక్కటిగ వేఱుచేసి, మౌంటింగుల బోల్టులు విప్పి, చెయిన్ పుల్లీతో ఇంజనును మెల్లగ పైకెత్తుదురు. మసిబారిన ఆ ఇనుపముద్ద గాలిలో వ్రేలాడుచుండగా, ఇన్నేండ్లు దానిని మోసిన బండి ముందుభాగము భారము దిగి పైకి లేచును. క్రొత్తగా వచ్చిన ఇంజను పాత మౌంటింగుల మీద సరిగా కూర్చుండదు. మేస్త్రీ ఇనుపపట్టెలు కోసి వెల్డింగు చేయును, గేరుబాక్సును జతపఱచును, హెచ్చిన బరువునకు తగినట్లు ముందరి టార్షను బారులను బిగించును. తుదకు తాళము త్రిప్పినప్పుడు తలుపు అదే, సీటు అదే, స్టీరింగు అదే. వినవచ్చు ధ్వని మాత్రము అన్యము.

పూర్వపక్షి యొకడు ఇచ్చట లేచి, కారునకు ఇంజనే ప్రాణము, ప్రాణము మారిన పిమ్మట దేహము పాతదైనంత మాత్రమున వ్యక్తి పాతవాడు కాజాలడు అని వాదించును. అతనికి మన భేతాళకథలలో గట్టి సాక్ష్యమే దొరకును. దేవీ ఆలయమున తెగిపడిన రెండు శిరస్సులను ఒకదాని మొండెమున కింకొకదానిని పొరపాటున అతికించిన స్త్రీకి ఇద్దఱిలో భర్త యెవడని భేతాళుడు అడిగినప్పుడు, శిరస్సు ఉత్తమాంగము గనుక భర్త శిరస్సు గలవాడే భర్త యని విక్రమార్కుడు తీర్పు చెప్పెను. కారులో ఉత్తమాంగ మేది? ఇంజనే యని పూర్వపక్షి. ఛాసిస్ యని ప్రతిపక్షి. బ్రిటిష్ ప్రభుత్వపు వాహన నమోదుశాఖ ఈ వివాదమును చాలకాలము అంకెలతో తీర్చుచు వచ్చినది. సమూలముగ మార్చిన కారు తన పాత నంబరును నిలుపుకొనవలెనన్న, దానికి మొత్తము 14 పాయింట్లలో కనీసము 8 రావలసియుండెను. అందు ఛాసిస్‌కు 5, సస్పెన్షనునకు 2, యాక్సిలులకు 2, గేరుబాక్సు మొదలగు ప్రసార యంత్రమునకు 2, స్టీరింగునకు 2. ఇంజనునకో, ఒక్కటే! ప్రాణమని మనము గౌరవించిన దానికి ఆ శాఖ స్టీరింగులో సగము విలువయే కట్టినది.

ఈ లెక్క చూచి నవ్వుటకు ముందు, ఇంజను అనునది ఒక కారునకు ఎంతవఱకు సొంతమో విచారింపవలెను. అమెరికాలో బ్యూయిక్ సంస్థ 1961లో అల్యూమినియముతో 215 ఘనాంగుళముల తేలికపాటి వి-8 ఇంజనును ప్రవేశపెట్టి, పోత పోయుటలోని చిక్కులకును ఖర్చునకును విసిగి 1963తో దానిని వదలివేసినది. ఇంగ్లండులోని రోవరు సంస్థకు పెద్దయైన విలియం మార్టిన్-హర్స్ట్, విస్కాన్సిన్‌లో పడవ ఇంజనులు చేయువారి కర్మాగారములో ఆ అనాథయంత్రమును చూచి ముచ్చటపడగా, దాని హక్కులను 1965లో రోవరు కొనెను. అటుపిమ్మట అది 1967లో రోవరు పెద్దకారులోను, 1968లో మోర్గన్ ప్లస్-8లోను, 1970లో రేంజ్ రోవరులోను చేరి, తయారీకర్తలు మాని వేసిన నాలుగు పదుల యేండ్ల తరువాత కూడ ఆంగ్లేయ యంత్రముగనే పేరు మోసెను. దాని తోబుట్టువైన ఓల్డ్స్‌మొబీల్ బ్లాకు మీద ఆస్ట్రేలియాలోని రెప్కో వారు కట్టిన ఇంజనే 1966లో జాక్ బ్రాబమ్‌ను ప్రపంచ విజేతను చేసినది.

ఇక ఎమ్.జి.బి. కారు కథ వినదగినది. నాలుగు సిలిండర్ల ఆ చిన్న స్పోర్ట్సు కారులో రోవరు వి-8 ఇంజనును ఇముడ్చుటను కారఖానాకంటె ముందు చేసి చూపినవాడు కెన్ కాస్టెల్లో అను నిపుణుడు. అతని పని చూచిన పిమ్మట కారఖానావారు తామే 1973లో ఎమ్.జి.బి. జి.టి. వి-8ను విడుదల చేసి 2,591 కారులు నిర్మించిరి. నిన్న అక్రమమనిపించిన మార్పు నేడు కారఖానా ముద్రతో సక్రమమైనది. అమెరికాలోని ఔత్సాహికులు నేటికిని ఎమ్.జి.బి.లో పాత బ్యూయిక్ ఇంజనునే ఎక్కించుచుందురు. దానిని పరాయి ఇంజనని ఆక్షేపించువారికి వారు చెప్పు జవాబు సరళము: కారఖానా వాడినది దీని బిడ్డనే, మేము తల్లిని తెచ్చి కూర్చుండబెట్టితిమి.

మన అంబాసిడరు వంశచరిత్రయు ఇంతకంటె నిష్కల్మషము కాదు. ఆకృతి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిది; కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారైనప్పుడు మొదట ఎక్కిన సైడు-వాల్వు ఇంజను కొలదికాలమునకే దిగిపోయి, దాని చోట బ్రిటిష్ మోటారు కార్పొరేషను బి-శ్రేణికి చెందిన 1,489 సి.సి. ఇంజను వచ్చినది. 1955లో అబింగ్డన్ నగరమున పుట్టిన ఎమ్.జి.ఎ. అను సొగసైన స్పోర్ట్సు కారును పరుగెత్తించినదియు ఆ బి-శ్రేణి 1,489 సి.సి. ఇంజనే. మంత్రులను, పెండ్లివారిని, ప్రక్క సీటులో ముగ్గుర నిఱికించుకొనిన టాక్సీ ప్రయాణికులను మోసిన గుండెయు, పందెపు బాటల మీద యువకులను పిచ్చివాండ్రను చేసిన గుండెయు ఒకే వంశమువి. తొంబదుల తొలినాళ్లలో కారఖానావారే జపాను ఇసుజు సంస్థ 1.8 లీటర్ల ఇంజనును అంబాసిడరులో ఎక్కించిరి. 2014లో తయారీ నిలిచిపోవు వఱకు ఇన్ని గుండెలు మారినను, వీథిలో పోవు పిల్లవాడు కూడ దానిని అంబాసిడరనియే గుర్తించెను.

ఇట్టి చరిత్రను చూచినప్పుడు పాతకారుల లోకము తెలియకయే రెండు దర్శనములుగ చీలియున్నదని తోచును. ఇంజను మీద పొడిచిన నంబరు, ఛాసిస్ మీది నంబరు, కారఖానా దస్తావేజులోని నంబరు, మూడును పొసగినప్పుడే అది నిజమైన కారని పట్టుబట్టువారు మన తార్కికుల శిష్యులు. వస్త్రములో నుండి కొన్ని పోగులు తీసివేసిన క్షణమున ఆ పాత వస్త్రము నశించి, మిగిలిన పోగులతో ఖండపటమను వేఱొక వస్త్రము పుట్టినదని న్యాయవైశేషికులు సిద్ధాంతీకరించిరి. అవయవి అవయవములకంటె వేఱైన సత్యవస్తువు గనుక, అవయవసంయోగము చెడిన అవయవియు చెడునని వారి తర్కము. ఎదుటి పక్షమువారు, ఏ ఇంజను దొరికిన దానిని ఎక్కించి ఆనందించు స్వేచ్ఛాపరులు, బౌద్ధ భిక్షువైన నాగసేనుని శిష్యులు. ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, నొగ రథము కాదు, వీని నన్నిటిని కూర్చి వ్యవహారార్థము పెట్టిన పేరే రథమని ఆ భిక్షువు మిళింద మహారాజునకు బోధించెను. కారన్నది పేరు మాత్రమే యైనచో ఏ భాగము మారిననేమి?

నాకీ రెండును అతివాదములుగ తోచుచున్నవి. మొదటిదానిని అంగీకరించినచో బ్రేకు చెప్పులు మార్చినప్పుడెల్ల క్రొత్తకారు పుట్టుచుండవలెను. రెండవదానిని అంగీకరించినచో నా కారును ఎత్తుకొనిపోయిన దొంగను పట్టుకొని ఇది నాదని నిలదీయుటకు ఆధారమే యుండదు. ఈ సందిగ్ధమును 1990లో లండను ఉన్నత న్యాయస్థానమున ఆటన్ న్యాయమూర్తి తీర్చిన తీరు తత్త్వవేత్తలకును పాఠ్యమనదగినది. 1929లోను 1930లోను లె-మాన్ పందెమున గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారును ఓల్డ్ నంబర్ వన్ అందురు. పందెముల నడుమ దాని భాగములు మారుచునే వచ్చినవి. తరువాత దాని 6.5 లీటర్ల ఇంజను పోయి 8 లీటర్ల ఇంజను చేరినది. 1932లో బ్రూక్‌లాండ్స్ ప్రమాదమున చోదకుడు మరణించిన పిమ్మట అది మఱియొక రూపమున మరల కట్టబడినది. కోటి పౌండ్లకు దానిని కొనుటకు ఒప్పుకొనిన సంస్థ, ఇది ఆ కారు కాదని వెనుకకు తగ్గగా, అమ్మకందారుడు న్యాయస్థానమునకు పోయెను. లె-మాన్‌లో పరుగెత్తిన లోహము అందు మిగిలినది స్వల్పమేయని న్యాయమూర్తి కప్పిపుచ్చలేదు. అయినను భాగములు క్రమక్రమముగ చేరి, చేరినదెల్ల మొత్తములో లీనమగుచు వచ్చినదనియు, ఎన్నడును ఆ కారు అంతమై మఱియొకటి ఆరంభమైన ఘట్టము లేదనియు, ఆ పేరునకు హక్కు చెప్పుకొనగల వేఱొక కారు లోకమున లేదనియు తలచి, లోహముతో పాటు దాని చరిత్రయు కీర్తియు అమ్మకమునకు వచ్చినవని తీర్పు చెప్పెను. పుట్టిననాటి రూపమున నున్నదని మాత్రము ఆయన ఒప్పుకొనలేదు.

ఆ తీర్పులోని సారము రెండు ప్రశ్నలను విడదీయుట. ఇది ఆ కారేనా యనునది ఒకటి. ఇది ఆనాటివలె నున్నదా యనునది వేఱొకటి. మన దేశమున 2021లో వింటేజి వాహనములకై వచ్చిన నియమములు 50 ఏండ్లు దాటిన బండికి వి.ఎ. అను ప్రత్యేకశ్రేణి నంబరు నిచ్చుచు, ఛాసిస్‌నో బాడీనో ఇంజనునో గణనీయముగ మార్చినదానికి ఆ గౌరవమును నిరాకరించుచున్నవి. అంతమాత్రమున ఇంజను మారిన బండి లేకుండ పోయినదని ఆ చట్టము చెప్పుట లేదు. అది రెండవ ప్రశ్నకు బదులు చెప్పుచున్నది. షెడ్డులలోను ప్రదర్శనలలోను జరుగు కలహములలో ఎక్కువభాగము ఈ రెండు ప్రశ్నలను కలగలుపుకొనుట వలన పుట్టినవే.

మొదటి ప్రశ్నకు మన ఆచారములో నున్న సమాధానము ఇంకను లోతైనది. రెండాషాఢములు వచ్చిన సంవత్సరమున పూరీలో జగన్నాథునకు నవకళేబర మహోత్సవము జరుగును. కడపటిసారి 2015లో జరిగినది. వేపదారువుతో క్రొత్త విగ్రహములు చెక్కి, అర్ధరాత్రమున చీకటిలో, కన్నులకు గంతలు కట్టుకొని, చేతులకు వస్త్రము చుట్టుకొని, దైతాపతులు పాత విగ్రహములోని బ్రహ్మపదార్థమును క్రొత్తదానిలో నుంచుదురు. పాత దేహములను కోయిలి వైకుంఠమున పూడ్చిపెట్టుదురు. అక్కడ దేహము క్రొత్తది, అంతస్థము పాతది. ఇంజను మార్పులో దేహము పాతది, అంతస్థము క్రొత్తది. తలక్రిందులైన ఈ రెండు సందర్భములలోను భక్తుడు ఇతడే ఆ స్వామి యనుటకు, యజమాని ఇదే ఆ బండి యనుటకు జంకడు. అట్లయినచో తాదాత్మ్యము దేహమునందు నియతమై లేదు, అంతస్థమునందును నియతమై లేదు. ఒకటి మారునప్పుడు రెండవది నిలిచియుండి, ఒక చేతి నుండి ఇంకొక చేతికి తెంపులేక అందుచుండు సంబంధమునందే అది యున్నది. ఆలయములలో జీర్ణోద్ధరణము చేయునప్పుడు దైవకళను బాలాలయమునకు తరలించి మరల ప్రతిష్ఠించుటలోను ఈ తెంపులేమి మీదనే శ్రద్ధ.

సంబంధము నిలిచిన చాలునన్నచో మోసగానికి ద్వారము తెఱచినట్లే యని శంక కలుగవచ్చును. పాత ఇంజను బ్లాకు మీది నంబరును చెక్కివేసి, దస్తావేజుతో పొసగు నంబరును పొడుచు నేర్పరులు లోకమున నున్నారు. వారి చేతిలోని కారునకును ఒక చరిత్ర యున్నది కదా! ఉన్నది, కాని వారు అమ్మునది ఆ చరిత్రను కాదు, వేఱొక కారు చరిత్రను దీని మీద కప్పి అమ్ముచున్నారు. సంబంధము అనునది తెలిసికొనదగిన వస్తువు. దానికి ప్రమాణము కావలెను. అందుచేతనే రవాణా కార్యాలయములో ముందుగ అనుమతి పొంది, మారిన ఇంజను నంబరును ఆర్.సి. బుక్కులో ఎక్కించుకొనవలెనను నియమము నాకు కేవలము గుమాస్తా పనిగ కనబడదు. దాతృయంత్రము ఏ బండిలోనిదో, ఎన్నడు ఎక్కినదో, దిగిన ఇంజను ఎక్కడికి పోయినదో వ్రాసియుంచిన కాగితము, పూరీలో దైతాపతుల పరంపర చేయు పనినే షెడ్డులో చేయుచున్నది.

కావున ఔత్సాహికునకు శాస్త్రము విధించునది ఒక్కటే. బ్యూయిక్ తల్లిని తెచ్చిననేమి, ఇసుజు నెక్కించిననేమి, బోరుకు వచ్చిన పాత ఇంజనునకే క్రొత్త పిస్టనులు వేయించిననేమి, అతడు స్వేచ్ఛాపరుడే. ఆ మార్పు లొకదాని వెంట ఒకటిగ ఆ బండి చరిత్రలో చేరును, బండి అదే యగును. చేసిన మార్పును కొనువానికి చెప్పి అమ్మినవాడు తాను కొన్న కారునే అమ్మినవాడు. దాచి అమ్మినవాడు, ఇంజను మార్చినప్పుడు జరుగని మార్పును మాటతో చేసి, లేని కారును అమ్మినవాడు.