బొమ్మ కదలకముందు

తెర మీద ఆ చెట్టు కొన్ని క్షణాలే ఉంటుంది. హయావో మియజాకి తీసిన 'మై నైబర్ టొటొరో' (1988)లో అక్కాచెల్లెళ్ల ఇంటి పక్కన ఆకాశమంత లేచిన కర్పూర వృక్షం. తలెత్తి చూసేలోగా కథ పరుగందుకుంటుంది, పిల్లలతో పాటు మనమూ పరుగెత్తుతాం. అదే చెట్టు ఆ సినిమా బొమ్మల పుస్తకంలో పుట నిండా నిలబడి ఉంటుంది. ఎంతసేపైనా దాని కింద కూర్చోవచ్చు. మొదట్లో నాచు ఎంత తడిగా ఉందో, కొమ్మల సందుల్లోంచి జారిన ఎండ ఏ ఆకును పసుపు చేసి ఏ ఆకును నలుపులోనే వదిలేసిందో తీరిగ్గా చూడవచ్చు. ఆ సినిమా కళాదర్శకుడు కజువో ఒగా. ఆయన వాడింది పోస్టరు రంగులు, మన బడిపిల్లల సంచీల్లో ఉండే జాతి రంగులే. వాటితో అంత నీడ ఎలా వచ్చింది, అంత చల్లదనం ఎలా వచ్చింది! పుట తిప్పబుద్ధి కాదు.

యానిమేషన్ సినిమాలు ఎలా పుట్టాయో చూపించే ఇలాంటి పుస్తకాలంటే నాకు ప్రాణం. అడ్డంగా సాగిన అట్ట, బరువైన కాగితం, తక్కువ మాటలు, ఎక్కువ బొమ్మలు. నిజామాబాద్ దగ్గరి మా నవీపేట్ లాంటి ఊళ్లో ఇవి దుకాణంలో దొరకవు, తెప్పించుకోవాలంటే ఖరీదు ఎక్కువ. ప్రతి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఇలాంటివి ఒక్కటో రెండో ఉండాలని గట్టిగా కోరుకుంటాను. బొమ్మలు గీసే పిల్ల ప్రతి బడిలోనూ ఒకతె ఉంటుంది. ఆ పిల్ల చేతికి ఇవి అందాలి.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర సినిమా అంటే లక్షా 29 వేల 600. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా అరవై వేలు దాటుతుంది. 'ప్రిన్సెస్ మొనొనొకె' (1997)కు దాదాపు లక్షా 44 వేల సెల్స్, అంటే బొమ్మలు వేసే పారదర్శక రేకులు, పట్టాయి. వాటిలో 80 వేల దాకా మియజాకి తానే దిద్దాడని చెబుతారు. వాన్ గో జీవితం మీద వచ్చిన 'లవింగ్ విన్సెంట్' (2017) కోసం సుమారు 125 మంది చిత్రకారులు 65 వేల ఫ్రేములను తైలవర్ణాలతో వేశారు. ఒక్కో బొమ్మ వెనుక ఒక మనిషి వంచిన మెడ ఉంది, నొప్పి పుట్టిన మణికట్టు ఉంది. తెర మీద ఆ శ్రమ కనిపించకూడదు. కనిపిస్తే మాయ చెడుతుంది. పుస్తకంలో మాత్రం పెన్సిలు చెరిపిన మరక కూడా అలాగే ఉంటుంది, అందుకే నాకు పుస్తకం మీద అంత మమకారం.

ఇంకో సంపద ఉంది ఈ పుస్తకాల్లో: పక్కన పెట్టేసిన బొమ్మలు. 'టాయ్ స్టోరీ' (1995)లో పిల్లలందరూ ప్రేమించే వుడీ తొలి ఊహల్లో మాట్లాడే చెక్కబొమ్మ, చూస్తే కాస్త భయం వేసే రకం. 'ఫ్రోజెన్' (2013)లో ఎల్సా చాలాకాలం దుర్మార్గురాలే. ఆ కోపం, ఆ ముళ్లలాంటి జుట్టు తొలి బొమ్మల్లో ఉన్నాయి. ఎన్ని ముఖాలు వేసి చూస్తే ఒక ముఖం దొరికిందో తెలిసినప్పుడు, దొరికిన ముఖం మీద గౌరవం పదింతలవుతుంది. ఒప్పుకోని బొమ్మల్లో కూడా ప్రాణం తొణికిసలాడుతుంటుంది. వాటిని పారేయకుండా అచ్చేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

'బాంబి' (1942) బొమ్మలు చూసినప్పుడల్లా టైరస్ వాంగ్ గుర్తొస్తాడు. చైనా నుంచి చిన్నపిల్లాడిగా అమెరికా చేరినవాడు. డిస్నీలో ఆయన కొలువు ఇన్‌బిట్వీనర్‌ది, అంటే పెద్ద చిత్రకారుల రెండు బొమ్మల నడుమ వచ్చే చిన్న చిన్న కదలికలను నింపడం. జింకపిల్ల కథ తీస్తున్నారని విని, ఇంటి దగ్గర అడవి బొమ్మలు వేసి తెచ్చి చూపించాడు. ప్రతి ఆకునూ గీయలేదు. మంచులాంటి రంగు పరిచి, అందులో ఒక చెట్టు మొదలు, ఒక చిన్న జింక. సాంగ్ రాజుల కాలం నాటి చీనా ప్రకృతి చిత్రాల పద్ధతి అది. సినిమా మొత్తం ఆ చూపునే పట్టుకుంది. తెర మీది పేర్లలో మాత్రం ఆయన నేపథ్య చిత్రకారుల్లో ఒకడుగానే మిగిలాడు. డిస్నీ సంస్థ పెద్ద గౌరవం ఇచ్చేసరికి 2001 వచ్చింది. ఆయన 106 ఏళ్లు బతికాడు కనుక చూసుకోగలిగాడు.

కలర్ స్క్రిప్ట్ అన్న పద్ధతి చూశాక మా ప్రాంతమే నాకు కొత్తగా కనిపించింది. సినిమా మొత్తానికి ఏ ఘట్టంలో ఏ రంగు రాజ్యమేలాలో చిన్న చిన్న గళ్లలో వేసి, వరసగా ఒక పట్టీలా పరుస్తారు. 'టాయ్ స్టోరీ'కి రాల్ఫ్ ఎగల్‌స్టన్ పాస్టెల్ రంగుల్లో వేసిన పట్టీ చూస్తే మాటలు లేకుండానే కథ తెలుస్తుంది: ఎక్కడ పిల్లాడి గది వెచ్చగా ఉందో, ఎక్కడ భయం కమ్ముకుందో. అలా చూస్తే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా మా ఏడాది కూడా ఒక పట్టీయే. తొలకరికి నారుమళ్ల లేతపచ్చ. ముసురు రోజుల్లో రేగడి నలుపు. చలికాలం చెరకు పూత వెండి బూడిద రంగు, పొద్దు వాలేటప్పుడు చూడాలి దాన్ని. మాఘ ఫాల్గుణాల్లో పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కల్లాలు, చుట్టూ గాలి కూడా పసుపే. ఎండాకాలం యంచ దగ్గర గోదావరి సన్నబడి ఇసుక తెల్లగా మెరుస్తుంది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ బోధన్ శక్కర్‌నగర్ మీద గొట్టాల పొగ రంగు కూడా ఉండేది. 2015 తర్వాత ఆ గడి ఖాళీ. ఈ రంగులు వరసగా వేసినవాడు మా జిల్లా చరిత్ర ఒక్క మాట రాయకుండా చెప్పగలడు.

ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు పెద్ద యానిమేటర్లు 1981లో 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' అచ్చేశారు. బొమ్మకు ప్రాణం పోసే 12 సూత్రాలు చెప్పిన పుస్తకం. అందులో సగం నిండిన పిండిసంచి బొమ్మలున్నాయి. కళ్లు లేవు, నోరు లేదు, చేతులు లేవు. ఒట్టి సంచి. ఒకచోట అది కుంగిపోయి ఏడుస్తోంది, ఒకచోట ఛాతీ విరుచుకుంది, ఇంకోచోట సిగ్గుపడింది. రెండు మూలలు వంచి, నడుం ఒకవైపు జార్చి అంత మనసు చూపించారు. బియ్యం బస్తాలూ పసుపు బస్తాలూ నిత్యం చూసే ఊళ్లో పెరిగినవాడికి ఆ పుట చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. హమాలీ భుజం మీద బస్తా ఎలా సర్దుకుంటుందో, కింద పడ్డప్పుడు ఎలా ఒత్తుకుని పక్కకు ఉబ్బుతుందో మనకు తెలుసు. ఆ తెలిసిందే కళ.

ఆ 12 సూత్రాలూ ప్రాణంతో నడిచే చోటు చూడాలంటే శనివారం నవీపేట్ మేకల సంతకు రావాలి. తాడు లాగితే మేక ఎదురు తన్నే తీరు చూడండి. ముందుకాళ్లు నేలలో నాటుకుంటాయి, నడుం వెనక్కి కుంగుతుంది, మెడ సాగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మొండితనమంతా ఆ ఒక్క వంపులో ఉంటుంది. పిల్లమేక నాలుగు కాళ్లతో ఒక్కసారే గాల్లోకి లేస్తుంది, కానీ లేచేముందు ఒక్క లిప్త కిందికి ఒదుగుతుంది. ఆ ఒదుగు లేకుండా ఎగురు గీస్తే చూసేవాడు నమ్మడు. పుస్తకాల్లో దానికి యాంటిసిపేషన్ అని పేరు. పొట్టేలు తల తిప్పితే ముందు కళ్లు తిరుగుతాయి, తర్వాత తల, ఆ తర్వాత బొచ్చు ఊగి ఆగుతుంది. బేరగాడు మేక నడుం మీద వేళ్లు ఆనించి బరువు అంచనా కడతాడు. యానిమేటరుకు కావలసిందీ ఆ వేళ్లే, గీతలో బరువు తెలియాలి. 'బాంబి' కోసం డిస్నీ స్టూడియోకు మెయిన్ రాష్ట్రం నుంచి రెండు జింకపిల్లలను తెప్పించి, వాటి ఎదుట కూర్చుని గీశారు. మా సంతకు ఒక పెన్సిలుతో, ఒక చిత్తుపుస్తకంతో వచ్చిన పిల్లకు అంతకన్నా పెద్ద పాఠశాల దొరుకుతుంది, ఫీజు లేకుండా.

స్టోరీబోర్డ్ 1930ల మొదట్లో డిస్నీలో వెబ్ స్మిత్ గోడకు బొమ్మలు గుచ్చడంతో మొదలైందని ఈ పుస్తకాలు చెబుతాయి. సినిమా వరకు అది సరే. కథను గళ్లలో గీసి, వరసగా చూపిస్తూ, పాడుతూ నడిపించడం తెలంగాణకు అంతకు ఎన్నో తరాల ముందు నుంచి తెలుసు. చేర్యాల నకాశీ కళాకారులు ఖాదీ బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద కథంతా వేస్తారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు ఆ పటం విప్పి కులపురాణం చెప్పేవారు. రాత్రి దీపం వెలుగులో కర్ర ఏ గడి మీద ఆగితే ఆ గడిలోని దేవుడు లేచి నిలబడేవాడు. బొమ్మ కదల్లేదు, చూసేవాళ్ల కళ్లల్లో కదిలింది. ఆ పటాలను ఆర్ట్ పుస్తకాల మొదటి పుటలుగానే నేను చూస్తాను.

తెలుగు సినిమాకూ ఇలాంటి తెర వెనుక సంపద ఉంది. 'చందమామ'ను 1947లో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 'మాయాబజార్' (1957) నిర్మించారు. బొమ్మల పత్రికా బొమ్మల సినిమా ఒకే ఇంటివి. కళాదర్శకులు గోఖలే, కళాధర్. మద్రాసులో చందమామ భవనాల దగ్గర 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు జాగాలో 300 బొమ్మ ఇళ్లు కట్టి, దీపాలు పెట్టి ద్వారకను నిలబెట్టారు. లడ్డూలు తమంతట తామే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోయే దృశ్యానికి ఇప్పటికీ పసిపిల్లలు చప్పట్లు కొడతారు. ఆ ద్వారక కొలతల కాగితాలు, ఆ నగల, కిరీటాల గీతలు ఒక పెద్ద పుస్తకంగా చూసే భాగ్యం కోసం నా మనసు కొట్టుకుంటుంది.

బాపు సంగతి మరీ ముచ్చట. 'సాక్షి' (1967) నుంచీ ఆయన సినిమాను ముందే కాగితం మీద తీసేసుకునేవారు. కెమెరా ఎక్కడ, మనిషి ఎటు తిరిగి, చెయ్యి ఎంత ఎత్తులో, అన్నీ బొమ్మలో ఉండేవి. 'సీతాకల్యాణం' (1976)లో గంగ దిగివచ్చే ఘట్టం చూడండి. రవి నగాయిచ్ కెమెరా మాయలు చేసింది నిజమే, కానీ ఆ నీటికి ఆ నడక ఇచ్చింది బాపు కుంచె. మన దేశంలో యానిమేషన్ సినిమా ఆయన చేతికి అందివుంటే ఎలా ఉండేదో అనుకుంటే ఊపిరి బిగుసుకుంటుంది. లావుగా మొదలై సన్నగా ముగిసే ఆ గీతలో కదలిక ముందే ఉంది, కదిలించడం ఒక్కటే బాకీ.

ఆ తర్వాత కదిలించినవాళ్లూ వచ్చారు. బి. సత్య దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం 'కిట్టు' 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. 2001లో హైదరాబాద్‌లో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ 2008లో 'ఛోటా భీమ్'ను దేశంలోని ప్రతి ఇంట్లోకి పంపింది. లడ్డూ తిని బలం తెచ్చుకునే ఆ పిల్లాడు మా చక్కెర సీమ పిల్లలకు మరీ దగ్గరివాడు. ఇక రాజమౌళి 'ఈగ' (2012): మాట లేదు, ముఖంలో హావభావం లేదు, కోపమంతా కాళ్లలో, రెక్కల్లో, మెడ వాల్చిన తీరులో. ఆ ఈగను హైదరాబాద్‌లో మకుట సంస్థ తయారు చేసింది. పిండిసంచి పాఠం అక్కడ తెలుగులో పలికింది. ఈ సినిమాలన్నింటికీ తొలిగీతలుంటాయి, పక్కన పెట్టిన ముఖాలుంటాయి. ఏ హార్డ్‌డిస్క్‌లో, ఏ బీరువాలో ఉన్నా వాటిని బయటకు తీసి, మంచి కాగితం మీద, తెలుగు వ్యాఖ్యతో అచ్చు వేయాలి. ఆలస్యం చేస్తే పాడయ్యేవే ఎక్కువ.

అలాంటి పుస్తకం వస్తే నేను మొదట చివరి పుటలు తెరుస్తాను, పేర్లున్న పుటలు. సినిమా హాల్లో ఆ పేర్లు పైకి జారుతుంటే జనం చెప్పులు వెతుక్కుంటూ లేచిపోతారు. పుస్తకంలో ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదవవచ్చు. 2013లో ఆస్కార్ అందుకున్న 'లైఫ్ ఆఫ్ పై' పులి కోసం పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. మన పిల్లలు అక్కడ రాత్రింబగళ్లు కూర్చుని పని చేశారు. అలాంటి పిల్లల ఇంటిపేర్లు, ఊరిపేర్లు తెలుగు అక్షరాల్లో అచ్చు కావాలి: బొమ్మకు నీడ వేసింది ఎవరు, గడ్డిపోచలు కదిలించింది ఎవరు, రెండు బొమ్మల నడుమ పదకొండు బొమ్మలు నింపింది ఎవరు. ఆ పేర్లకు పెద్ద అక్షరాలు వాడాలి, పుటలు ఎన్ని పట్టినా సరే.